లోవెల్ చొక్కా

పోయిన నెలంతా అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. బోస్టన్‌కి గంట దూరంలో ఉంటారు వాళ్ళు. అక్కడికి వెళ్ళే మాలాంటి తాతలకి పనేముంటుంది చెప్పండి? పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం మనవడి హోంవర్కు. ఐదో తరగతి చదివే మావాడికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. 'అమెరికాలో పారిశ్రామిక విప్లవం' అనే విషయం మీద పెద్ద అట్ట మీద బొమ్మలు వేసి, కింద నాలుగు ముక్కలు రాయాలి. వాడు నీటిచక్రం గీశాడు, మరమగ్గం గీశాడు, ఎర్ర ఇటుకల మిల్లు గీశాడు. మిల్లు ముందు తెల్లబట్ట తాను పరిచాడు. "ఎలా ఉంది తాతయ్యా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉందిరా. మరి పత్తి ఏదీ?" అన్నాను.

మాది గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు వైపు. ఊరి పేరులోనే పత్తి ఉంది. మా నాన్న పత్తి రైతు. బట్ట కనిపిస్తే నాకు ముందు చేను గుర్తొస్తుంది, ఏం చెయ్యను! మావాడు తలెత్తకుండా, "సౌత్ నుంచి వచ్చింది" అని గమ్ము సీసా అందుకున్నాడు. సౌత్ నుంచి వచ్చింది. అంతే. వాడి పాఠంలోనూ అంతే ఉంది, చూశాను. ఎవరు పండించారు, ఎవరు ఏరారు అన్న సంగతి తర్వాతెప్పుడో 'అంతర్యుద్ధం' అనే వేరే పాఠంలో వస్తుందట. మిల్లు ఒక పాఠం, బానిసత్వం ఇంకో పాఠం. ఈ రెండూ ఒకే చిట్టాపుస్తకంలో ఎదురెదురు పేజీలని నాకు తెలిసింది ఆ శనివారమే.

ఆ శనివారం అందరం కలిసి లోవెల్ అనే ఊరు వెళ్ళాం. మెరిమాక్ నది ఒడ్డున ఉంటుంది. నది అక్కడ ముప్ఫై అడుగుల పైన కిందికి దిగుతుంది. ఆ నీటి జోరు చూసే 1820ల్లో కొందరు బోస్టన్ వ్యాపారులు కాలవలు తవ్వించి, వరసగా బట్టల మిల్లులు కట్టించారు. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే పెద్దమనిషి పేరు ఊరికి పెట్టారు. ఆయన 1810లో ఇంగ్లండు వెళ్ళి, అక్కడి మరమగ్గాల గుట్టంతా బుర్రలో పెట్టుకుని తిరిగొచ్చాడు. యంత్రాల నమూనాలు దేశం దాటించడం ఆ రోజుల్లో ఇంగ్లండులో నేరం. కళ్ళతో చూసి గుర్తుపెట్టుకుంటే ఎవరు పట్టుకుంటారు? వాల్తామ్‌లో మొదటి మిల్లు పెట్టి, 1817లోనే పోయాడు. తన పేరున్న ఊరిని చూడనే లేదు.

ఇప్పుడు ఒక పాత మిల్లుని మ్యూజియం చేశారు. బూట్ కాటన్ మిల్స్ అంటారు. బూట్ల మిల్లేమోనని నేను అల్లుణ్ణి అడిగాను కూడా. కాదు, బూట్ అన్నది ఒకాయన ఇంటిపేరు. లోపల కింది అంతస్తులో ఎనభైకి పైగా మగ్గాలున్నాయి. వాటిలో కొన్ని నడుపుతారు. గుమ్మం దగ్గరే చెవుల్లో పెట్టుకోవడానికి దూదిబిళ్ళల్లాంటివి ఇస్తారు. అవి పెట్టుకున్నా ఆ చప్పుడుకి నేల వణికి, పళ్ళ దాకా తెలుస్తుంది. ఆ గదుల్లో పనిచేసింది ఎక్కువగా ఆడపిల్లలు. న్యూ ఇంగ్లండు పల్లెల్లోని రైతుల కూతుళ్ళు. వారానికి డెబ్భై గంటల పైన పని. కిటికీలు మూసేవారు, నూలు ఎండి తెగకుండా ఉండాలని. 1834లో కూలి కోస్తామంటే సమ్మె చేశారు, 1836లో బస ఖర్చు పెంచితే మళ్ళీ చేశారు. అమెరికాలో ఆడవాళ్ళు చేసిన తొలి సమ్మెల్లో అవి ఉన్నాయి. మేం బానిసలం కాము అన్నది వాళ్ళ నినాదం. తప్పేమీ లేదు, వాళ్ళ కష్టం వాళ్ళది. కానీ ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళ వేళ్ళ మధ్య తిరుగుతున్న నూలు బానిసలు ఏరిన పత్తిదే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. అమెరికాలో నీటి బలంతో నూలు వడికిన మొదటి మిల్లు లోవెల్‌ది కాదు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాటకెట్ అనే ఊళ్ళో 1790లో మొదలైంది. శామ్యూల్ స్లేటర్ అనే ఇరవై రెండేళ్ళ ఇంగ్లీషు కుర్రాడు, అదే జ్ఞాపకశక్తి పద్ధతిలో, వచ్చి కట్టాడు. పెట్టుబడి పెట్టినవాడు మోజెస్ బ్రౌన్. ఈయన కథ నన్ను వదలడం లేదు. క్వేకర్ల మతంలో చేరి, 1773లో తన బానిసలందరినీ విడిచిపెట్టాడు. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా ఊరూరా పోరాడాడు. సొంత అన్న జాన్ బ్రౌన్ ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చే వ్యాపారం మానకపోతే, ఆ అన్న మీదే కేసు నడిచేలా చూశాడు. 1797లో కోర్టు అన్నగారి ఓడని జప్తు చేసింది కూడా. అలాంటి మనిషి, మనుషుల్ని అమ్మే పని కాకుండా మర్యాదైన వ్యాపారం ఏదైనా చేద్దామని బట్టల మిల్లు పెట్టాడు. ఆ మిల్లుకి కావలసింది పత్తి. ఆ పత్తి పండించేది బానిసలు. ఒక గుమ్మంలోంచి బయటికి పంపినదే ఇంకో గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఆయన్ని వేళాకోళం చేద్దామని చెప్పడం లేదు. నేనైతే ఆయన చేసిన దాంట్లో సగం కూడా చేసి ఉండేవాణ్ణి కాదు.

సరే, మిల్లులు వచ్చాయి. మిల్లుల ఆకలికి తగినంత పత్తి ఎలా వచ్చింది? మనకి తెలిసిన మాటే ఉంది, జిన్ను. గుంటూరులోనో, వరంగల్లోనో, ఆదిలాబాద్‌లోనో జిన్నింగ్ మిల్లు అనే మాట తెలియని రైతుండడు. ఇంగ్లీషు 'ఇంజన్' అనే మాటలో తోక మిగిలి జిన్ అయింది. 1793లో ఎలీ విట్నీ అనేవాడు జార్జియాలో ఒక ప్లాంటేషన్‌లో అతిథిగా ఉంటూ దాన్ని తయారుచేశాడు. అక్కడి మెట్టభూముల్లో పండే పొట్టిపింజ పత్తికి గింజ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఒక మనిషి రోజంతా కూర్చుని గింజ తీస్తే పౌను దూది, అంటే అరకిలోకి కాస్త తక్కువ, వచ్చేది. జిన్నుతో యాభై పౌన్లు. ఇంకేముంది! 1790లో అమెరికా మొత్తం మీద పండిన పత్తి 3 వేల బేళ్ళ చిల్లర. 1860 నాటికి 40 లక్షల బేళ్ళు. బానిసల సంఖ్య 1790లో 7 లక్షలు, 1860లో దాదాపు 40 లక్షలు. ఆ రెండు నలభై లక్షల్నీ పక్కపక్కన పెట్టి చూసి నేను కాసేపు మాట్లాడలేదు. యంత్రం వస్తే పని తేలికై బానిసత్వం దానంతటదే పోతుందని అప్పట్లో కొందరు పెద్దలు అనుకున్నారు. సరిగ్గా తిరగబడింది.

ఎందుకు తిరగబడిందో పత్తి చేలో పెరిగినవాడికి చెప్పక్కర్లేదు. గింజ తీయడానికి యంత్రం వచ్చింది. వడకడానికి వచ్చింది. నేయడానికి వచ్చింది. మరి ఏరడానికి? ఏరడానికి రాలేదు. పత్తి ఏరే యంత్రం అమెరికాలోనే వాడకంలోకి వచ్చింది 1940ల్లో. అంటే నూటయాభై ఏళ్ళపాటు, ముందూ వెనకా అన్నీ యంత్రాలే, మధ్యలో మాత్రం మనిషి వేళ్ళు. లోవెల్‌లో కొత్త మిల్లు లేచిన ప్రతిసారీ, ఆ వేగం అంతా వెళ్ళి పడింది ఆ వేళ్ళ మీద.

మా చేలో పత్తి తీసేటప్పుడు సాయంత్రం కాటా వేసేవాళ్ళు. కిలోకి ఇన్ని పైసలని కూలి. నా చేతికి నోటుబుక్కు ఇచ్చేవాడు మా నాన్న. ఒక్కొక్క మనిషీ మూట తెచ్చి కొక్కేనికి తగిలిస్తే, నేను పేరు ఎదురుగా అంకె వేసేవాణ్ణి. చెయ్యి తిరిగిన మనిషి నలభై కిలోలు తీస్తే గొప్ప. చిల్లర ఉంటే కింది అంకె వెయ్యమనేవాడు మా నాన్న. ముప్ఫై ఎనిమిదిన్నర అయితే ముప్ఫై ఎనిమిది. పన్నెండేళ్ళ వాణ్ణి, చెప్పినట్టు వేశాను. ఆ సంగతి ఈ యాభై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఎందుకంటే సోలమన్ నార్తప్ రాసింది చదువుతుంటే నాకు ఆ కాటానే కనిపించింది. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన స్వతంత్రుడు ఆయన. 1841లో పని ఇప్పిస్తామని వాషింగ్టన్ తీసుకెళ్ళి, ఎత్తుకుపోయి లూసియానాలో అమ్మేశారు. పన్నెండేళ్ళ తర్వాత బయటపడి 1853లో పుస్తకం రాశాడు. సినిమా కూడా వచ్చింది కదా, చూసే ఉంటారు. అక్కడ మామూలు మనిషికి రోజుకి 200 పౌన్లు లెక్క. అంటే మన తూకంలో తొంభై కిలోలు. కొత్తగా చేలో దిగినవాణ్ణి మొదటిరోజు కొరడాతో తరుముతూ ఎంత తీయగలడో అంతా తీయిస్తారు. సాయంత్రం తూస్తారు. ఆ అంకే ఇక వాడికి రోజువారీ లెక్క. తగ్గితే దెబ్బలు. పొరపాటున ఎక్కువ తీశాడా, రేపటి నుంచి లెక్క పెరుగుతుంది. అందుకే బుట్టతో జిన్ను కొట్టానికి వెళ్ళే ప్రతి సాయంత్రం భయంతోనే వెళ్ళేవారట. తక్కువైందేమోనని ఒక భయం, ఎక్కువైందేమోనని ఇంకో భయం. ప్యాట్సీ అనే ఒకామె రోజుకి 500 పౌన్లు తీసేదని రాశాడు. ఆమె వేళ్ళు మెరుపులట. అయినా దెబ్బలు తప్పలేదు ఆమెకి, వేరే కారణాలకి.

ఈ లెక్కలు రాసుకోవడానికి అచ్చుపుస్తకాలు కూడా ఉండేవి. థామస్ ఆఫ్లెక్ అనే ఆయన 1840ల చివర్లో ప్లాంటేషన్ యజమానుల కోసం గళ్ళు గీసిన ఖాతాపుస్తకం వేసి అమ్మాడు. సోమవారం నుంచి శనివారం వరకూ ఎవరు ఎన్ని పౌన్లు తీశారో ఒక పట్టిక. సంవత్సరం మొదట్లో ఒక్కొక్క బానిస విలువ ఎంత, ఆఖర్లో ఎంత అని ఇంకో పట్టిక. కొరడా ఒక్కటే అయితే అనాగరికం అనుకుని ఊరుకోవచ్చు. ఈ పట్టికలు చూస్తే ఊరుకోలేం. ఇది ఏ ఫ్యాక్టరీ ఆఫీసుకీ తీసిపోదు.

1801 నుంచి 1860 మధ్య ఒక్కొక్క మనిషి రోజుకి ఏరే పత్తి దాదాపు నాలుగింతలైందని పాత ఖాతాల్ని తిరగేసినవాళ్ళు తేల్చారు. ఎందుకు అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కొరడా, తూకం, రోజురోజుకీ పెంచే లెక్క వల్ల అంటాడు ఎడ్వర్డ్ బాప్టిస్ట్. కాదు, కాయ పెద్దదై సులువుగా ఊడివచ్చే కొత్త విత్తనాల వల్ల అంటారు ఓల్మ్‌స్టెడ్, రోడ్ అనే ఆర్థికవేత్తలు. విత్తనం మారితే ఏరడం ఎంత సులువవుతుందో నేను కళ్ళారా చూశాను కాబట్టి రెండోవాళ్ళ మాట కొట్టిపారెయ్యలేను. కానీ మంచి విత్తనం వచ్చినందువల్ల మిగిలిన గంట విశ్రాంతిగా ఎవరికి దక్కింది? ఆ ప్రశ్నకి మాత్రం రెండు పక్షాల జవాబూ ఒకటే.

అలాగే, అమెరికా సంపదంతా బానిసల పత్తిదేనని కొందరు ఊదరగొడతారు. అదీ అతిశయోక్తే. జాతీయాదాయంలో పత్తి వాటా ఐదారు శాతం మించదని లెక్కగట్టారు. అయితే ఎగుమతుల్లో సగం పైన పత్తే. ఆ రోజుల్లో డాలర్లు తెచ్చే పంట అదొక్కటే అనుకోండి. ఓడ న్యూయార్క్‌ది, బీమా న్యూయార్క్‌ది, అప్పు, కమిషను న్యూయార్క్‌వి. అందుకే 1861 జనవరిలో దక్షిణ రాష్ట్రాలు విడిపోతుంటే, న్యూయార్క్ మేయరు ఫెర్నాండో వుడ్ మన నగరం కూడా విడిపోతే ఎలా ఉంటుందని పాలకమండలికే ప్రతిపాదించాడు!

ఇక భూమి సంగతి, మనుషుల సంగతి. అలబామా, మిసిసిపీ నేలలు ఖాళీగా లేవు. చాక్టా, క్రీక్, చికసా, చెరొకీ తెగలవి. 1830లో చట్టం చేసి వాళ్ళని పడమటికి తోలేశారు. చెరొకీలు దారిలోనూ, శిబిరాల్లోనూ నాలుగువేల మంది దాకా చచ్చిపోయారు. ఆ నేల దున్నడానికి మనుషులు కావాలి. 1808లోనే ఆఫ్రికా నుంచి తేవడం నిషేధించారు. అందుకని వర్జీనియా, మేరీలాండ్‌లలో పుట్టినవాళ్ళని దక్షిణానికి అమ్మారు. అంతర్యుద్ధం లోపల అలా తరలించినవాళ్ళు సుమారు పది లక్షలు. తల్లి ఒక రాష్ట్రంలో, బిడ్డ ఒక రాష్ట్రంలో. 1838లో జార్జ్‌టౌన్ కాలేజీ నడిపే జెసూట్ ఫాదరీలు కాలేజీ అప్పులు తీర్చడానికి 272 మందిని లూసియానాకి అమ్మేశారు. చదువుల గుడి కోసం!

మనిషిని అమ్మక్కర్లేదు, తాకట్టు పెట్టినా చాలు. మన రైతు పాసుపుస్తకం బ్యాంకులో పెట్టినట్టు, అక్కడ ప్లాంటరు తన బానిసల్ని కుదువపెట్టి ఇంకా భూమి, ఇంకా బానిసల్ని కొనేవాడు. లూసియానాలో 1820ల ఆఖర్లో ఒక ప్లాంటర్ల బ్యాంకు ఆ తాకట్ల మీద బాండ్లు వేస్తే, ప్రభుత్వం హామీ ఉంటే, లండన్‌లోని బేరింగ్ కంపెనీ వాటిని యూరప్‌లో అమ్మిపెట్టింది. అంటే లండన్‌లో కూర్చుని బానిసత్వం పోవాలని సంతకాలు పెట్టే పెద్దమనిషి బీరువాలో కూడా లూసియానా మనుషుల తాలూకు కాగితం ఉండొచ్చు. 2005లో జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకు తన పూర్వపు బ్యాంకులు రెండు 13 వేల మంది దాకా బానిసల్ని తాకట్టుగా తీసుకున్నాయని, అప్పు కట్టనివాళ్ళ దగ్గర నుంచి 1,250 మంది ఆ బ్యాంకుల సొంతమయ్యారని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అప్పు ఎగ్గొడితే ఇల్లు జప్తు. ఇక్కడ జప్తయింది మనుషులు.

ఇంతకీ 'లోవెల్ చొక్కా' అని పేరు పెట్టి ఆ సంగతే చెప్పలేదు కదూ.

ప్లాంటేషన్లలో బానిసలకి ఏడాదికి ఇన్ని గజాలని ముతకబట్ట ఇచ్చేవారు. ఆ బట్ట దక్షిణంలో నేసింది తక్కువ. ఉత్తరాది మిల్లులే ప్రత్యేకంగా, చవగ్గా, బిరుసుగా నేసి పంపేవి. దానికి 'నీగ్రో బట్ట' అనే పేరు పెట్టి బాహాటంగా ప్రకటనలు వేసి అమ్మేవారు. రోడ్ ఐలండ్‌లో ఎన్నో మిల్లులు దాని మీదే బతికాయి. లోవెల్ మిల్లుల బట్ట ఎంతగా వెళ్ళిందంటే, దక్షిణాదిలో ఆ ముతక నూలుబట్టకే 'లోవెల్' అని పేరు పడిపోయింది. మనం బనియన్ గుడ్డ అన్నట్టు, వాళ్ళు లోవెల్ గుడ్డ అన్నారు. 1930ల్లో ప్రభుత్వం తరఫున రచయితలు ఊరూరా తిరిగి, ఒకప్పుడు బానిసలుగా పుట్టి ఇంకా బతికున్న రెండువేల పైచిలుకు ముసలివాళ్ళ మాటలు రాసుకున్నారు. చిన్నప్పుడు ఏం కట్టుకునేవాళ్ళని అడిగితే, వాళ్ళలో ఎంతోమంది చెప్పిన జవాబు అదే. లోవెల్ చొక్కా. మోకాళ్ళ దాకా ఒకటే పొడుగు చొక్కా, ఆడపిల్లకీ, మగపిల్లాడికీ.

ఆ ముతకబట్టలు ఎలా ఉండేవో బుకర్ టి. వాషింగ్టన్ తన ఆత్మకథలో రాశాడు. ఆయనది నూలు కాదు, అవిసె నార. కొత్త చొక్కా తొడిగితే ఒళ్ళంతా పల్లేరుకాయలు గుచ్చినట్టే ఉండేదని ఆయన భావం. వాళ్ళన్న జాన్, తమ్ముడి బాధ చూడలేక, కొత్త చొక్కా ఇచ్చినప్పుడు తనే కొన్నిరోజులు తొడుక్కుని, మెత్తబడ్డాక ఇచ్చేవాడట. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను ఆ పూటకి.

చూడండి, పత్తి మిసిసిపీలో ఒక పిల్ల ఏరింది. అది నదిలో దిగి, సముద్రం మీద ఎక్కి బోస్టన్ వచ్చింది. లోవెల్‌లో ఇంకో పిల్ల నేసింది. అదే తిరిగి వెళ్ళి, ఏరిన పిల్ల ఒంటి మీదికే చేరింది. మధ్యలో ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు లాభం రాసుకున్నారు. 1848లో చార్లెస్ సమ్నర్ అనే నాయకుడు కొరడా దొరలకీ మగ్గం దొరలకీ పొత్తు కుదిరిందని సభలో చెప్పేశాడు. బోస్టన్ పెద్దలకి కోపాలొచ్చాయిట.

ఇదంతా కారులో తిరిగొస్తూ చెబుతుంటే మావాడు, "ఆ మిల్లు అమ్మాయిలకి తెలుసా తాతయ్యా?" అన్నాడు. కొందరికి తెలుసు. బానిసత్వం రద్దు చెయ్యాలని అర్జీల మీద సంతకాలు పెట్టిన మిల్లు పిల్లలున్నారు. పదకొండేళ్ళకే మిల్లులో చేరిన లూసీ లార్కమ్ అనే అమ్మాయి తర్వాత కవయిత్రి అయి, మగ్గం ముందు నిలబడ్డ పిల్లకి పత్తి చేలోని ఆడవాళ్ళు గుర్తొచ్చే పద్యం ఒకటి రాసింది. తెలిసీ పొద్దున గంట కొడితే లేచి పనికి వెళ్ళారా అంటే, వెళ్ళారు. ఇంట్లో అన్నదమ్ముల చదువులకి డబ్బు పంపాలి కదా.

ఇంటికి రాగానే వాడు అట్ట బయటికి తీశాడు. మిల్లుకి ఎడమపక్క చోటుంది, అక్కడ పత్తి చేను వేస్తానన్నాడు. మా అమ్మాయి వంటింట్లోంచే, "నాన్నా, వాడి బుర్రలో ఇవన్నీ ఎక్కించకు. టీచరు ఏమనుకుంటుందో! మనం బయట నుంచి వచ్చినవాళ్ళం. వాళ్ళ చరిత్రలో తప్పులు పట్టడం మనకెందుకు?" అంది. దాని భయం దానిది. నేనేం మాట్లాడలేదు. మా అల్లుడే, "మనం వచ్చాం గానీ, వాడు ఇక్కడే పుట్టాడు. అది వాడి చరిత్రే కదా" అని నెమ్మదిగా అన్నాడు. మా అమ్మాయి జవాబు చెప్పలేదు గానీ, అట్ట మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

చేను గీయడం అయ్యాక, "పక్కన కాటా వెయ్యనా తాతయ్యా, సాయంత్రం తూస్తారన్నావుగా?" అని అడిగాడు. కొక్కెం కాటా ఎలా ఉంటుందో కాగితం మీద వేసి చూపించాను. దాని పక్కన ఒక నోటుబుక్కు కూడా గీయమన్నాను. "నోటుబుక్కు ఎవరి చేతిలో ఉంటుంది?" అన్నాడు వాడు, పెన్సిలు పైకెత్తి పట్టుకుని.